తడి కట్టె కాగిన ఏడాది

చిన్నప్పటి నుంచీ నాకు నోటి దురుసు ఎక్కువ. తెలిసింది చెప్పకుండా ఉండలేకపోవడం ఒక జబ్బయితే, తెలియనిది కూడా తెలిసినట్టే చెప్పేయడం దానికి తోడు. మొదటి జబ్బు ఇప్పటికీ ఉంది. రెండోది మాత్రం తొంభైల చివర్లో ఒక కార్తీక మాసంలో వదిలింది.

అప్పుడు నేను కదిరిలో డిగ్రీ రెండో ఏడు. ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలు. వారమంతా హాస్టల్లో ఉండి, సెలవు దొరికితే బస్సెక్కి ఊరికి వచ్చేదాన్ని. మా ఊళ్ళో ఆడపిల్ల డిగ్రీ దాకా పోవడం నాతోనే మొదలు. అందువల్ల నేను ఇంటికొస్తే చాలు, రేడియో ఎందుకు గరగరమంటుందో మొదలుకొని బోరుబావి ఎందుకు ఎండిపోయిందో దాకా అన్నీ నన్నే అడిగేవాళ్ళు. నేనూ తగ్గేదాన్ని కాదు, అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పేదాన్ని. మా నాయన వసారాలో కూర్చుని వింటూ మీసం కింద నవ్వుకునేవాడు.

మాకున్నది నాలుగెకరాల మెట్ట, ఒక జత ఎద్దులు. ఎద్దుల్లో ఒకటి తెల్లది, ఒకటి మచ్చలది. నాలుగెకరాల పంట మమ్మల్ని ఏనాడూ పూర్తిగా సాకింది లేదు. ఆ జత ఉండబట్టే నాయన మా చేను దున్నుకుని, ఊళ్ళో ఎద్దుల్లేని వాళ్ళ చేలు కూడా కూలికి దున్నేవాడు. నా హాస్టలు, ఇంట్లో రాగిసంగటి, అన్నీ వాటి మెడ మీదే నడిచేవి. ఎద్దులు పోతే మా ఇల్లు నిలవదని చిన్నప్పుడే తెలుసు నాకు.

మా వైపు చేను అంటే వేరుశనగ. కాయలు కోసుకున్నాక మిగిలే తీగను మేము కట్టె అంటాం. పొయ్యిలో పెట్టే కట్టె కాదు, గొడ్లు తినే మేత. దాన్ని ఎండబెట్టి, ఊరి వెనక దొడ్డిలో నిలువెత్తుకు పైగా కుప్ప పేర్చుతారు. అదే వామి. కార్తీకంలో వేసిన వామి మళ్ళీ మృగశిర వానలు పడి పచ్చిక మొలిచేదాకా గొడ్లను బతికించాలి. ఆ ఏడు పూత రాలి, ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే వేళకు వాన ముఖం చాటేసింది. చెట్టు పీకితే రెండు కాయలు, మూడు కాయలు. ఇక కాయ మీద ఆశ వదులుకుని చెట్లు పీకి చేలో పరిచామో లేదో, ఎక్కడో సముద్రంలో పుట్టిన తుఫాను తోక మా మీద పడింది. మూడు రోజులు ఆగకుండా ముసురు. అడిగినప్పుడు రాని వాన, వద్దన్నప్పుడు వచ్చి కూర్చుంది.

నాలుగో రోజు కాస్త తెరిపి ఇచ్చింది. ఆకాశం చూస్తే మళ్ళీ కమ్ముకునేటట్టే ఉంది. చేలో ఉంటే కట్టె కుళ్ళిపోతుందని నాయన భయపడ్డాడు. సగం ఆరిందో లేదో బండికెత్తి దొడ్డికి తోలి, గబగబా వామి వేసేశాడు. పైన యూరియా సంచులు కుట్టిన పట్ట కప్పి, నాలుగు వైపులా రాళ్ళు కట్టి వేలాడదీశాడు. మా దొడ్డి పక్క దొడ్డి మా చిన్నాయనది. నాయనకు వరుసకు తమ్ముడు, ఆయనకూ ఒక జత ఎద్దులు ఉన్నాయి. ఆయనా అదే రోజు, అదే తడి కట్టెతో, మా నాయనను చూసే వామి వేసి పట్ట కప్పాడు. ఇద్దరిలో ఎవరికీ అనుమానం రాలేదు. వస్తుందని అనుకోవడం కూడా తప్పే. కరువు సీమలో తడి కట్టెతో వామి వేసిన అనుభవం ఎవరికి ఉంటుంది? మా తాతల నాటి నుంచీ కట్టె అంటే గలగలలాడేదే.

వామి పూర్తయితే దాని నెత్తిన ఒక తుమ్మకొమ్మ పెట్టి, కింద పసుపు కుంకుమ చల్లడం మా ఊరి ఆచారం. ఆ తర్వాత దాన్ని ఒక పక్క నుంచి కొంచెం కొంచెం పీకి గొడ్లకు వేయాలే తప్ప, నెత్తి నుంచి విప్పకూడదు. విప్పి కింద వేశారంటే ఆ ఇంటివాళ్ళు గొడ్లను అమ్ముకుని బెంగళూరు బస్సెక్కుతున్నారని అర్థం. ఆ మధ్య కరువుల్లో అట్లా విప్పిన వాములు రెండు మూడు చూశాం. మా వీధిలో వామి విప్పడమన్న మాటను చావు మాటలాగే గొంతు తగ్గించి అనేవాళ్ళు.

వామి వేసిన ఐదో రోజు నేను ఇంట్లోనే ఉన్నాను, వానలకు కాలేజీ మూసేశారు. ఎద్దులకు మేత పీకి తెచ్చిన నాయన చెయ్యి దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. వెనకే చిన్నాయన.

"పాపా, వామి లోపల ఎచ్చగా ఉండాది. చెయ్యి పెడితే తెలస్తాంది. పొద్దున్నే ఆవిరి గూడా లేస్తాంది. ఏమన్నా ఐతాదా?"

"మాదీ అట్లనే ఉండాదమ్మా," అన్నాడు చిన్నాయన.

సరిగ్గా పదిహేను రోజుల కిందటే మాకు ఉష్ణం పాఠం అయింది. వేడి తనంతట తానుగా ఎప్పుడూ వేడి వస్తువు నుంచి చల్లటి వస్తువుకే పోతుంది, తిరిగి రాదు. ఆ వాక్యం నాకు నోటికి వచ్చు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. లేచి దొడ్డి దాకా పోయి చెయ్యి పెట్టి చూడాలని కూడా అనిపించలేదు. కూర్చున్న చోటు నుంచే చెప్పాను.

"ఏమీ కాదు నాయనా. వేడి వస్తువును ఊరికే వదిలేస్తే దానంతటదే చల్లారతాది. అది ప్రకృతి నియమం. చలికాలం కదా, ఇంకా బిరీన చల్లారతాది. మీరేం ముట్టుకోవద్దండి."

"అంతే కదా!" అని చిన్నాయన ఊపిరి పీల్చుకున్నాడు. "సదువుకున్న పాప చెప్పినాక ఇంకేమప్పా. నేనేమో ఇప్పి ఎండబెడదామా అనుకుంటాంటి."

ఈ చివరి మాట నాకు తర్వాత ఎన్ని రాత్రులు నిద్ర పట్టనివ్వలేదో చెప్పలేను. ఆయన విప్పాలనే అనుకున్నాడు. చదువు లేని ఆయన చెయ్యి ఆయనకు సరైన మాటే చెప్పింది. నేను ఆపాను. నాయన అయితే ఆ వారమంతా అరుగు మీద కనబడిన వాళ్ళందరికీ నా మాట చెప్పుకున్నాడట.

కాలేజీ తెరిచారు, వెళ్ళిపోయాను. మళ్ళీ రెండో శనివారం ఊళ్ళో బస్సు దిగి దొడ్ల పక్క నుంచి నడుస్తుంటే ముక్కుకు ఒక వాసన తగిలింది. బెల్లం పాకం అడుగంటినట్టు, అందులో ఎవరో పొగాకు నానేసినట్టు. బాగానే ఉందనిపించే వాసన. మా దొడ్డిలోకి తొంగి చూస్తే వామి నడుమ కుంగి ఉంది. తుమ్మకొమ్మ ఒక పక్కకు వాలిపోయింది.

ఇంటికి పోయి అమ్మను అడిగాను. అమ్మ రాగులు దంచుకుంటూ తల ఎత్తకుండానే, "కాగతానే ఉండాది. నీ చలి యాడికి పోయిందో మరి," అంది.

"కాగడానికి లేదమ్మా. అగ్గి లేకుండా ఎట్ల కాగతాది?"

"దిబ్బలో ఎవరు అగ్గేసినారు? పేడ దిబ్బ పొద్దున్నే పొగలు పోదా? నువ్వు చిన్నప్పుడు నీకు మాల్టు చేసేదానికి రాగులు నానేసి గుడ్డలో మూట కడితే, మొలక వచ్చేతలికి మూట నీ ఒళ్ళంత ఎచ్చగా ఉంటాండె. దానికెవరు అగ్గి పెట్టినారు మ్మే?"

 దిబ్బ పొగలు నేను రోజూ చూసినవే. మొలకల మూట మీద చెంప ఆనించుకున్న గుర్తు కూడా ఉంది. అవన్నీ ఒక గదిలో, నా పుస్తకం వేరే గదిలో ఉండిపోయాయి. మధ్య తలుపు నేనే తీయలేదు.

గోడకు ఆనించిన గడ్డపార తీసుకుని దొడ్డికి పోయాను. వామికి నడుము ఎత్తున, ఎంత లోపలికి పోతే అంత లోపలికి దూర్చాను. కట్టె మెత్తబడి ఉంది, సులువుగానే దిగింది. పక్కన రాయి మీద కూర్చుని కొంతసేపు ఆగి, బయటికి లాగి, మొన పట్టుకున్నాను. చురుక్కుమంది. చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకుని చూస్తే అరచేతిలో ఎర్రగా గీత. సంగటి కుండ పొయ్యి మీద నుంచి దించినప్పుడు ఉన్నంత వేడి. చలికాలంలో, ఎవరూ అగ్గి పెట్టని కట్టె కుప్పలో.

ఆ రాయి మీదే కూర్చుని మొదటిసారి నా పాఠాన్ని నేను నిజంగా చదివాను, పుస్తకం లేకుండా. నియమం తప్పు కాదు. వేడి ఇప్పటికీ లోపలి నుంచి బయటికే పోతోంది. కానీ నేను వామిని దించి పెట్టిన చారు గిన్నె అనుకున్నాను. వామి చారు గిన్నె కాదు. తడి కట్టెలో కంటికి కనబడని పురుగు పుట్టి తింటూ, ఊపిరి తీస్తూ ఉంటుంది. దాని ఊపిరి వేడి. రాగి మొలకలను పళ్ళెంలో పరిస్తే ఆ వేడి ఎప్పటికప్పుడు గాలికి పోతుంది. మూట కడితే పోదు. మేము కట్టింది నిలువెత్తు మూట, పైన పట్ట. పోయే వేడి కంటే పుట్టే వేడి ఎక్కువ. అది పెరిగేకొద్దీ కట్టె ఇంకా వేగంగా ఉడుకుతుంది. పురుగు చచ్చిపోయేంత కాగినా ఆగదు, ఆ తర్వాత కట్టే గాలిని తాగుతూ మాడుతుంది. చల్లారే దారి దానికి మేమే మూసేశాం. ఇక దానంతటదే చల్లారదు. దానంతటదే అంటుకుంటుంది.

 భయం కంటే సిగ్గు ఎక్కువ వేసింది.

సాయంత్రం నాయన వచ్చాక, "వామి ఇప్పల్ల నాయనా, రేపే," అన్నాను.

చెంబుడు నీళ్ళు తాగుతున్నవాడు ఆగాడు. "ఏమంటివి?"

"అంటుకుంటాది. గడ్డపార పెట్టి చూసినా. చెయ్యి కాలింది, చూడు."

"ఆ పొద్దు సల్లారతాదని నువ్వే చెప్తివి. నేను ఊరంతా చెప్పుకుంటి. ఈ పొద్దు ఇప్పమంటావు!"

"ఆ పొద్దు చెప్పింది తప్పు."

"తప్పయితే నా మొగం యాడ పెట్టుకునేది? ఈ పొద్దు చెప్పింది మాత్రం తప్పు కాదని ఎవరు చెప్పల్ల? అగ్గి లేనిదే పొగ రాదంటారు. ఎవుడు పెట్టినాడు అగ్గి?"

"ఎవురూ పెట్టలేదు నాయనా. తడే పెట్టింది."

"తడి అగ్గి పెడతాదా! సదవేస్తే ఉన్న మతి పోయిందంట. నీళ్ళు పోస్తే అగ్గి ఆరతాదని గొడ్లు కాసేటోనికి గూడా తెలుసు." చెంబు అరుగు మీద ఠపీమని పెట్టాడు. "వామి ఇప్పితే ఊరోళ్ళు ఏమనుకుంటారు? గొడ్లను అమ్ముకోని పోతాన్నాడు అనరా?"

ఆదివారం పొద్దంతా చెప్పాను. అన్నం పెడుతూ చెప్పాను, ఎద్దులను నీళ్ళకు తోలుకుపోతే వెనకే పోయి చెప్పాను. ఆయన వినలేదు. ఆయన మొండితనం నాకు కొత్త కాదు. నాకున్నది కూడా అక్కడి నుంచి వచ్చిందే.

సోమవారం పొద్దున ఏడింటి బస్సుకు నేను కదిరి పోవాలి. బస్సు హారను వినబడుతుండగా చున్నీ నడుముకు బిగించి దొడ్డిలోకి నడిచాను. నిచ్చెన వేసి వామి ఎక్కి, ముందు తుమ్మకొమ్మను కిందికి విసిరాను. తర్వాత పట్ట తాళ్ళు కోసేశాను. పట్ట ఎత్తగానే లోపలి నుంచి ఆవిరి ముఖానికి కొట్టింది, దాంతో పాటు ఆ మాడిన బెల్లం వాసన. పట్ట లోపలి వైపంతా నీటిబొట్లు.

వీధిలో ఎవరో, "ఓయమ్మో, వామి ఇప్పతాండారు!" అని అరిచారు. ఆ కేకకు నాయన ఇంట్లో నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"దిగు మ్మే! దిగుతావా లేదా?"

"దిగను. మొత్తం ఇప్పేదాకా దిగను. నా మాట నమ్మొద్దు నాయనా, నేను ఒకసారి తప్పు చెప్పిన దాన్నే. ఆ గడ్డపార ఉండాది, దూర్చి నువ్వే పట్టుకో. కాలకపోతే నేను దిగి మళ్ళా నా చేత్తోనే పేరుస్తా."

దొడ్డి గోడ మీద అప్పటికే పదిమంది. వాళ్ళ ముందు ఆయన గడ్డపార అందుకున్నాడు. కోపంతో దూర్చాడు, కోపంతోనే కాసేపు నిలబడ్డాడు. లాగి మొన పట్టుకుని వెంటనే వదిలేశాడు. ఇనుము రాయి మీద ఖంగుమని పడింది. ఆయన నా వైపు చూడలేదు. గోడ మీద వాళ్ళ వైపు చూసి, "ఏమప్పా సూస్తాండారు? గొడ్లను ఇప్పి దూరంగా కట్టేయండి. కడవలు తెండి," అన్నాడు.

తర్వాత అంతా ఆయన చెప్పినట్టే జరిగింది. అమ్మా, వీధిలోని ఆడవాళ్ళూ కడవలతో నీళ్ళు తెచ్చి పెట్టారు. గోనెసంచులు తడిపారు. నేను పైన నుంచి దొర్లిస్తుంటే మగవాళ్ళు కట్టెను కొయ్యపారలతో లాగి, గాలివాటుకు ఎడంగా, పలచగా పరిచారు. పైపొర తడిగా, వెచ్చగా ఉంది. దాని కింద గోధుమరంగు. ఇంకా కింద కాఫీ పొడి రంగు. నడుముకు వచ్చేసరికి నన్ను దిగిపొమ్మని నాయన గట్టిగా అరిచాడు. దిగాను. నేను దిగిన చోట ఒక కొయ్యపార పడగానే నల్లటి గూడు బయటపడింది. గాలి తగిలి ఒక క్షణం ఎర్రగా కళ్ళు తెరిచి, భగ్గుమంది.

తడి గోనెలతో కొట్టి, కడవలు కుమ్మరించి, మట్టి చల్లి, ఆర్పేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నడిమి కట్టె పోయింది. కానీ సగానికి పైగా దక్కింది. కొంత నల్లబడినా ఎద్దులు తింటాయి. జాగ్రత్తగా వాడుకుంటే వానలదాకా జతను నిలబెట్టుకోవచ్చు. నాయన పరిచిన కట్టె చుట్టూ తిరిగి, అక్కడక్కడ వంగి చెయ్యి పెట్టి చూశాడు. అప్పటికే చల్లగా ఉంది. గాలికి పరిస్తే అంతే, నిమిషాల్లో చల్లారుతుంది.

నేను మసి ముఖంతోనే చిన్నాయన ఇంటికి పరుగెత్తాను. ఆయన మా దొడ్డిలోనే ఉండి నీళ్ళు పోసి, అప్పుడే ఇంటికి పోయి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"చిన్నాయనా, మీదీ ఇప్పల్ల. ఈ పొద్దే. అందరూ ఈడనే ఉండారు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "మీది ఇప్పినందుకే అంటుకునింది. నా కండ్లతో సూసినా కదమ్మా, గాలి తగిలినాకనే భగ్గుమనె. ఇప్పకుండా ఉంటే నువ్వు ముందు చెప్పినట్ల అదే సల్లారిపోతాండె."

"నేను ముందు చెప్పింది తప్పు చిన్నాయనా! లోపల అప్పటికే నిప్పయింది. గాలి తగలడం వల్ల బయటపడింది, అంతే."

"నువ్వు పిల్లదానివి, భయపడినావు. భయంల మాట మారస్తాన్నావు. ముందు చెప్పినప్పుడు నిదానంగా ఉంటివి."

 ఒక తప్పు మాటను నిదానంగా, నమ్మకంగా చెప్పాను. సరైన మాటను వణుకుతూ, మసి పూసుకుని చెబుతున్నాను. నిదానంగా చెప్పినదే ఆయన నమ్మాడు. నాయన కూడా పోయి చెప్పాడు, బతిమాలాడు. చిన్నాయన, "సూద్దాంలేన్నా," అన్నాడు.

నేను కాలేజీకి పోలేదు. మరునాడు రెండు సార్లు, ఆ మరునాడు పొద్దునా ఆయన గడప తొక్కాను. చివరికి ఆయన భార్య నన్ను చూడగానే లోపలికి పోవడం మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నం గాలి లేచింది. మేము అన్నం తింటుండగా కేకలు. పోయి చూసేసరికి ఆయన వామి నిలువునా మండుతోంది. దగ్గరికి పోవడానికి లేదు. ఎద్దులను ఎవరో తాళ్ళు కోసి వదిలేశారు, అవి బతికాయి. కట్టె గుప్పెడు మిగల్లేదు. చిన్నాయన నేల మీద కూర్చుని మంటనే చూస్తున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇంటికొచ్చి నేను ఏడ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇంకెంత చెప్పి ఉండాల్సిందో, ఎట్లా చెప్పి ఉండాల్సిందో లెక్కపెట్టుకుంటూ ఏడ్చాను.  కాసేపటికి నాయన లేచి బండి కట్టాడు.

"యాడికి?" అంది అమ్మ.

"కట్టెలో సగం వానికి తోలల్ల."

"సగమా! మన ఎద్దులు ఏం తినల్ల? మిగిలేది జతకు చాలదు."

"చాలదు," అన్నాడు నాయన. "కానీ సల్లారతాదనే మాట మనింట్ల నుంచి పోయిండాది. నేనే మోసుకోని పోయి వాని చెవిలో ఏసినా. మాట మనదయితే కట్టె గూడా మనదే పోవల్ల."

 నేను లేచి కట్టె ఎత్తడానికి పోయాను. ఎత్తిన ప్రతి మోపూ మా ఎద్దుల నోటి దగ్గరిదే అని తెలుస్తూనే ఉంది. చేతులు ఆపలేదు. చిన్నాయన దొడ్డిలో దించుతుంటే ఆయన వద్దు వద్దన్నాడు. నేను ఆయన ఎదురుగా నిలబడి, "మీరు ఇప్పాలనుకుంటిరి, నేనే వద్దంటి. తప్పు నాది చిన్నాయనా," అన్నాను. ఆయన కట్టె వైపు చూసి, "అవునమ్మా," అన్నాడు. ఆ మాట అంత సూటిగా వస్తుందని నేను అనుకోలేదు. కానీ ఆ తర్వాతే ఆయన వచ్చి బండికి అవతలి వైపు నిలబడి నాతో పాటు దించాడు.

మిగిలిన మేత ఒక్కో ఇంటికి ఒక్క ఎద్దుకే వస్తుంది. ఒంటెద్దుతో దుక్కి సాగదు. కాబట్టి అన్నదమ్ములిద్దరూ చెరొక ఎద్దును అమ్మి, మిగిలిన రెండింటినీ కలిపి కాడి కట్టి, రెండిళ్ళ చేలూ దున్నుకోవాలని అనుకున్నారు. ఎద్దులు కొదవైన ఇళ్ళవాళ్ళు మా వైపు అట్లా పొత్తుకు కట్టడం ఉన్నదే. మా మచ్చలది కాస్త వయసుది, దాన్ని కొనేవాళ్ళు దొరకరు. తెల్లది పోవాలి. ఆ మాట అంటున్నంతసేపూ నాయన చేతిలోని తుండుగుడ్డను మడిచిందే మడుస్తూ ఉన్నాడు.

"సంతకు నేనూ వస్తా," అన్నాను.

"ఆడపిల్లవు, గొడ్ల సంతలో నీకేం పని?"

"తెల్లదాని పలుపు నేనే పట్టుకోవల్ల."

ఆయన నన్ను ఎగాదిగా చూసి తల ఊపాడు.

కదిరి సంతలో ఆ రోజు నేను తప్ప ఆడపిల్ల లేదు. చూసేవాళ్ళు చూశారు. నేను పలుపు వదల్లేదు. తెల్లది నా భుజాన్ని నాకుతూ నిలబడింది. కొంచెం సేపటికి కంబదూరు వైపు నుంచి వచ్చిన ఒక రైతు దాని పళ్ళు చూశాడు, మెడ నిమిరాడు, నాలుగడుగులు నడిపించి చూశాడు. బాగా నచ్చినట్టుంది. ధర పక్కవాళ్ళకు తెలియకుండా గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని బేరం కూడా కుదిరింది. అప్పుడు అడిగాడు.

"ఇంత మంచి ఎద్దును యాలన్నా అమ్ముతాండావు?"

నాయన నీళ్ళు నమిలాడు. "కరువు కదన్నా..." అని మొదలుపెట్టాడు.

"కరువు కాదు," అన్నాను. "తడి కట్టెతో వామి వేసినాం. లోపల కాగతాంటే దానంతటదే చల్లారతాదని నేను చెప్పినా. చల్లారలేదు, అంటుకునింది. మేత పోయింది. అందుకే అమ్ముతాన్నాం."

"తడి కట్టె అంటుకునేదేమిటికి?" అని ఆయన నవ్వబోయాడు. నేను చెప్పాను. పేడ దిబ్బ సంగతి చెప్పాను, మొలకల మూట సంగతి చెప్పాను, పట్ట కింద నీటిబొట్ల సంగతి, బెల్లం మాడిన వాసన సంగతి. ఈసారి తొందరపడలేదు, వణకలేదు. చుట్టూ నలుగురైదుగురు చేరారు. ఒకాయన చేతిలో బీడీ ఆరిపోయింది. వాసన మాట దగ్గర కంబదూరు రైతు ముఖం మారింది.

"నడుమ కుంగతాదా?"

"కుంగతాది. మీది ఎన్ని దినాలయింది?"

"ఇరవై," అన్నాడు. "మాదీ వానలో ఏసిందే. పట్ట కప్పినాం. పొద్దున మా ఇంటామె వాసన వస్తాందంటే తిట్టి వచ్చినా."

"ఎద్దు మాట తర్వాత. మీరు పోండి," అన్నాను. "నీళ్ళు, తడి గోనెలు సిద్ధం పెట్టుకోని ఇప్పండి. పది మంది ఉండల్ల. ఒక్కరే ఇప్పొద్దండి."

ఆయన మా నాయన వైపు చూశాడు. నాయన తల ఊపాడు. ఆ మనిషి కొనకుండా, పలుపు నా చేతిలోనే వదిలేసి, పంచె ఎగ్గట్టుకుని బస్టాండు వైపు పరుగెత్తాడు. ఆయన వామి ఏమైందో మాకు తెలియలేదు. మళ్ళీ ఆయన కనబడలేదు.

కుదిరిన బేరం పోయింది. ఆ రోజు ఇంకెవరూ రాలేదు. తెల్లదాన్ని తోలుకుని అంత దూరమూ నడిచే ఇంటికి వచ్చాం.  దారిలో నాయన నన్ను తిడతాడేమోనని చూశాను, తిట్టలేదు.

మరుసటి వారం మళ్ళీ సంతకు పోయాం. వేరే వాళ్ళు వచ్చారు, వాళ్ళూ ఎందుకు అమ్ముతున్నారని అడిగారు. నాయన గొంతు సవరించుకుని, పలుపు పట్టుకున్న నా వైపు చెయ్యి చూపించి, "మా పాప చెప్తాది, ఇనండి," అన్నాడు. మొదటి నుంచి చెప్పాను. నేను చెప్పిన తప్పు మాటతోనే మొదలుపెట్టాను. వాళ్ళు అంతా విని, తెల్లదాన్ని కొనుక్కుని పోయారు.